పొంకియెల్లి యూఫోనియం కాన్సర్టో: నెల్లిమర్ల పెళ్ళి బ్యాండులో వాయించి చూశాక

ముందే చెప్పేస్తాను. మీ బ్యాండులో స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చూసి వాయించేవాళ్ళు సగం మందైనా ఉంటే పొంకియెల్లి యూఫోనియం కాన్సర్టో అచ్చు సెట్టు కొనుక్కోండి. విని పట్టుకుని వాయించే బ్యాండయితే మాత్రం డబ్బు దండగ. ఇందులో యూఫోనియం (మందమైన గొంతున్న పెద్ద ఇత్తడి బాకా) పాడేది ఒకటి, వెనక బ్యాండు చెప్పేది ఇంకొకటి. అందరూ ఒకే పాట మీద పడి ఊదేసే మన పద్ధతి ఇక్కడ నడవదు.

నేను కొన్నది ఇటలీ సంగీతకారుడు అమిల్కారే పొంకియెల్లి 1872లో రాసిన కాన్సర్టో. ఆయన రాసింది ఫ్లికోర్నో బాస్సో అనే వాయిద్యానికి. అది ఇప్పటి యూఫోనియానికి తోడబుట్టిందే, అందుకే ఇప్పుడు దీన్ని అందరూ యూఫోనియం మీదే వాయిస్తున్నారు. ఒకడు ముందు నిలబడి సోలో వాయిస్తాడు, బ్యాండంతా వెనక నిలబడి అతనికి పక్కవాద్యం అవుతుంది. నాకొచ్చిన సెట్టులో కండక్టరు స్కోరు (అందరి స్వరాలూ ఒకేచోట ఉండే ప్రతి), ఒక్కో వాయిద్యానికీ విడివిడి పార్టులు, సోలో పార్టు రెండు రకాల క్లెఫ్‌లలో (ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు క్లెఫ్), పియానో మీద వాయించుకోడానికి కుదించిన కాపీ, ఒక ఆడియో ట్రాకు ఉన్నాయి. అన్నీ ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి దించుకునేవే. అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. ఈ రచనను చాలామంది అచ్చువేసి అమ్ముతున్నారు, ఎవరిది కొన్నా చూసుకోవలసినవి దాదాపు ఇవే.

ధర గురించి ఒక మాట. పొంకియెల్లి 1886లోనే పోయాడు, కాబట్టి అసలు రచన మీద ఇప్పుడు ఎవరికీ హక్కులు లేవు. మనం డబ్బు పెట్టేది దాన్ని ఈనాటి బ్యాండుకు సరిపడేలా సర్ది, శుభ్రంగా అచ్చువేసిన పనికి. పూర్తి బ్యాండు సెట్టుకి అయింది మాఘమాసంలో ఒక పెళ్ళి బేరంలో నా వాటా కన్నా కాస్త ఎక్కువే. సోలో పార్టు, పియానో కాపీ మాత్రం తీసుకుంటే అందులో పావు వంతు కూడా కాదు. మా ఆవిడ ఆ చిన్నదే కొనమంది. ఆవిడ మాట ఎందుకు వినలేదో కింద చెబుతాను.

నా సంగతి కొంచెం. మాది నెల్లిమర్ల. నాన్న జూట్ మిల్లులో షిఫ్టు చేసేవాడు, ముహూర్తాల రోజుల్లో బ్యాండులో ఊదేవాడు. ఇప్పుడు నేను పగలు కరెంటు పని చేస్తాను, ముహూర్తాలకు యూఫోనియం పడతాను. మా బ్యాండు పన్నెండు మంది. రెండు క్లారినెట్లు, నాలుగు ట్రంపెట్లు, ఒక ఆల్టో సాక్సు, ఒక ట్రాంబోను, నా యూఫోనియం, సైడ్ డ్రమ్ము, పెద్ద డ్రమ్ము, తోపుడుబండి మీద జనరేటరుతో పాటు వచ్చే కీబోర్డు. ఊరేగింపులో నా చోటు ఎప్పుడూ ట్రంపెట్లకు వెనక, డ్రమ్ములకు ముందు. పెళ్ళి వీడియోల్లో మా క్లారినెట్ మాస్టారి మొహం, ట్రంపెట్ కుర్రాళ్ళ బుగ్గలు కనబడతాయి. నాది ఇత్తడి గొట్టం మాత్రం కనబడుతుంది. పాటలో చరణానికీ చరణానికీ మధ్య ఖాళీ పూడ్చడం, పల్లవి కింద బరువు పెట్టడం, ఇదీ ఇన్నేళ్ళుగా నా పని. ఆ వెనక వరసలో వాడిని ముందుకు తెచ్చి నిలబెట్టిన రచన ఇది. అందుకే కొన్నాను.

ఇంకో కారణం పొంకియెల్లి ఎవరన్నది. ఒపేరా (పాటలతో నడిచే నాటకం) తెలిసినవాళ్ళకు ఆయన ‘లా జోకొండా’ రాసినవాడు. 1876లో మిలాన్‌లోని లా స్కాలా నాటకశాలలో ఆడింది అది. తరవాత మిలాన్ కన్సర్వేటరీలో పాఠాలు చెప్పాడు, ఒపేరాలకు పేరుపడ్డ పుచ్చీని ఆయన దగ్గర చదువుకున్నవాడే. అయితే ఆ పేరు రాకముందు చాలా ఏళ్ళు ఆయన చేసిన ఉద్యోగం ఊరి బ్యాండు మాస్టారు. మొదట పియాచెంజాలో, ఆ తరవాత 1864 నుంచి క్రెమోనాలో. అంటే ఊళ్ళో జాతరకు మార్చ్ అనే నడక సంగీతం, పెద్దమనిషి పోతే శవయాత్రకు ఇంకో మార్చ్, ఆదివారం సాయంత్రం చౌరస్తాలో జనానికి వినోదం. ఇవన్నీ రాసి, నేర్పి, వాయింపించి జీతం తీసుకున్నాడు. క్రెమోనా అంటే వయొలిన్లు చేసిన స్ట్రాడివారి ఊరు, వయొలిన్లకు పెట్టింది పేరు. అలాంటి ఊళ్ళో కూర్చుని ఇత్తడి వాయిద్యానికి ఇంత పెద్ద కచేరీ ముక్క రాశాడంటే తన బ్యాండులో ఊదేవాళ్ళ మీద ఎంత నమ్మకమో చూడండి. మా విజయనగరంలోనూ పెద్ద పేర్లన్నీ తీగ మీదా గొంతు మీదా వచ్చినవే. మహారాజా వారి సంగీత కళాశాల 1919లో పెడితే ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్. ఇత్తడి ఊదేవాళ్ళం మేము ఆ గోడ బయట రోడ్డు మీద నడుచుకుంటూ పోయాం.

ఈ రచన మనసుకు పట్టాలంటే ఇటలీ బ్యాండు ఏం చేసేదో తెలియాలి. అక్కడ చిన్న ఊళ్ళలో చాలామందికి ఒపేరా చూడడానికి డబ్బులూ ఉండేవి కావు, నాటకశాలలూ అందుబాటులో ఉండేవి కావు. అందుకని ఊరి బ్యాండే ఒపేరా పాటలను చౌరస్తాకు తెచ్చేది. గాయకుల గొంతులను ఫ్లికోర్నోలు పాడేవి, ఆడగొంతును ఒకటి, మగగొంతును ఇంకొకటి. మన దగ్గరా అంతే కదా. సుశీలమ్మ పాట ఎత్తుకుంటే క్లారినెట్, ఘంటసాల మాస్టారి పాటయితే ట్రంపెట్ ముందుకొస్తుంది. సుశీలమ్మది మా విజయనగరమే, ఘంటసాల చదువుకున్నదీ అక్కడి సంగీత కళాశాలలోనే, కాబట్టి మాకు ఆ పాటలంటే ఇంటి ఆస్తి. మా నాన్న మాత్రం ఘంటసాల పద్యం వచ్చిందంటే ట్రంపెట్లను ఆపించి యూఫోనియం మీదే వాయించేవాడు. ఆ గొంతులోని మందం ట్రంపెట్ మీద రాదని ఆయన వాదన. ఈ కాన్సర్టో మొదటిసారి విన్నప్పుడు నాన్న వాదనకు ఇటలీ నుంచి సాక్షి దొరికినట్టనిపించింది.

సంగీతం ఎలా ఉంటుందో చెబుతాను. అంతా ఒకే మూవ్‌మెంట్, అంటే మధ్యలో ఆపి భాగాలుగా విడగొట్టకుండా ఒకే సాగు. మొదట బ్యాండు బరువుగా ఎత్తుకుంటుంది, తెర లేచే ముందు నాటకంలో వినబడేలాంటి సంగీతం. తరవాత యూఫోనియం వస్తుంది. వచ్చీ రాగానే గారడీ చెయ్యదు, గాయకుడు పాడినట్టు నింపాదిగా పాడుతుంది. ఆ తరవాత అసలు పాట. చాలా మామూలు పాటే, ఒకసారి వింటే కూనిరాగం తీయవచ్చు. దాని మీద వేరియేషన్లు. వేరియేషన్ అంటే మనవాళ్ళకు కొత్తేం కాదు. కృతిలో పల్లవికి ఒక్కో సంగతీ వేసుకుంటూ పోతాం చూడండి, మొదటి సంగతి సాదాగా, తరవాతది రెండు స్వరాలు ఎక్కువగా, ఆఖరిది నిండుగా. సరిగ్గా అదే పద్ధతి. పాట లోపల కూర్చునే ఉంటుంది, చుట్టూ స్వరాలు చిక్కబడుతూ పోతాయి. మూడేసి స్వరాల గుంపులు, తరవాత నాలుగేసి, మధ్యమధ్యలో పై నుంచి కిందికి ఒక్క దూకు. ఒక వేరియేషన్ అయ్యాక బ్యాండు అందుకుని సోలో వాడికి ఊపిరి తీసుకునే సందు ఇస్తుంది. ఆ సందు లేకపోతే చచ్చేవాణ్ణి. ఆఖర్న వేగం పెంచి ముగించేస్తారు.

నాకు బాగా నచ్చింది వేగం కాదు. నెమ్మదిగా పాడే చోట్లు. ఈ సంగీతం వాయించేవాళ్ళ వీడియోలు చాలా చూశాను. ఎక్కువమంది వేరియేషన్లను రైలు తోలినట్టు తోలేసి చప్పట్లు కొట్టించుకుంటారు. పాటకు మాత్రం తొందరగా నీళ్ళొదిలేస్తారు. అది నాకు నచ్చదు. ఒపేరా మనిషి రాసింది ఇది. మాట పలికినట్టు పలకాలి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాలి. మా హవల్దారు మాస్టారు ఇదే అంటారు. ఆయన మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో సైన్యం వాళ్ళ సంగీత శిక్షణ కేంద్రంలో నేర్చుకుని, పింఛను మీద వచ్చి మా ఊళ్ళో స్థిరపడ్డారు. నాకు స్టాఫ్ నొటేషన్ నేర్పింది ఆయనే. స్కోరు చూసి ముందు ఆయన చెప్పిన మాట, ‘‘ఒరే, ముందు ఈ పాటని నోటితో పాడు. పాడలేనిది ఊదకు.’’ నెల రోజులు అదే పని. మా ఇంటి పక్కావిడ ‘‘ఏటి బాబూ, ఒకే పాట పట్టుకున్నావు, కొత్తది రాదేటి?’’ అని అడిగేసింది.

వాయిద్యం గురించి ఈ సెట్టు అమ్మేవాళ్ళెవరూ చెప్పరు, కాబట్టి నేను చెబుతాను. మన బ్యాండుల్లో ఎక్కువగా ఉండేవి ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నుంచి వచ్చిన మూడు వాల్వుల (వేలితో నొక్కే మీటల) యూఫోనియాలు. మీరట్‌లో జలీ కోఠీ అనే పేట అంతా ఇత్తడి వాయిద్యాల కార్ఖానాలే. నాదిర్ అలీ కంపెనీ అక్కడ 1885 నుంచీ ఉంది. మన తాతల బాకాలూ అక్కడివే, మనవీ అక్కడివే. పెళ్ళి పాటలకు అవి చాలు. ఈ కాన్సర్టోకు కష్టం. ఎందుకో చూడండి. మొదటి వాల్వు నొక్కితే స్వరం ఒక టోను (మన లెక్కలో రెండు స్వరస్థానాలు) దిగుతుంది, రెండోది సగం టోను, మూడోది ఒకటిన్నర. ఒక్కొక్కటీ విడిగా నొక్కితే శ్రుతి బాగానే ఉంటుంది. రెండు మూడు కలిపి నొక్కితే గొట్టం చాలినంత పొడవు పెరగదు, స్వరం పైకి పోతుంది. ఒకటీ మూడూ కలిపితే కొంచెం, మూడూ కలిపితే చెవికి తెలిసిపోయేంత. బాస్ క్లెఫ్‌లో గీతల మధ్య కింద నుంచి రెండో ఖాళీలో ఉండే సి స్వరం ఒకటీ మూడూ కలిపి నొక్కేదే. ఏ పాటలోనైనా తరచూ తగిలే స్వరం అది. పెళ్ళి ఊరేగింపులో డ్రమ్ముల మోతలో ఎవరికీ వినబడదు. ఇక్కడ మీరొక్కరే పాడుతుంటే, వెనక క్లారినెట్లు అదే స్వరం శ్రుతిగా పట్టుకుంటే, మీ సి వాళ్ళ సితో గొడవ పడుతుంది.

నాలుగు వాల్వులుంటే ఒకటీ మూడూ బదులు నాలుగోది ఒక్కటి నొక్కుతాం, స్వరం చోటుకు వస్తుంది. ఇంకా మంచివాటిలో కాంపెన్సేటింగ్ ఏర్పాటు ఉంటుంది. నాలుగోది నొక్కినప్పుడు గాలి మిగతా వాల్వుల గుండా ఇంకోసారి తిరిగి, అదనపు చిన్న గొట్టాల్లోంచి వస్తుంది, లోటు పూడుతుంది. ఇంగ్లండులో డేవిడ్ బ్లెయిక్‌లీ అనే ఆయన దీనికి 1874లో పేటెంటు తీసుకున్నాడు. అంటే పొంకియెల్లి ఇది రాసేనాటికి ఆ సౌకర్యమే లేదు. క్రెమోనా బ్యాండులో దీన్ని వాయించినవాడు పెదాలతోనే శ్రుతి సర్దుకుని ఉంటాడు. అది తలుచుకుని కొన్నాళ్ళు నేనూ నా మూడు వాల్వుల దానితోనే కుస్తీ పట్టాను, మూడో వాల్వు స్లైడు వేలితో లాగడానికి ఒక రింగు కూడా అతికించుకున్నాను. అది కొంతవరకే సాయం చేసింది. చివరికి హవల్దారు మాస్టారు తన నాలుగు వాల్వుల వాయిద్యం అరువిచ్చారు. సగం తలనొప్పి ఆ రోజే పోయింది. నా సలహా అడిగితే, సెట్టు కన్నా ముందు వాయిద్యం చూసుకోండి. నాలుగో వాల్వు లేనిదే ఈ సంగీతం వల్ల మీకూ సుఖం ఉండదు, వినేవాళ్ళకూ ఉండదు.

ఇప్పుడు పార్టుల గురించి. సెట్టులో అసలు చికాకు పెట్టేది ఇక్కడే. ఇది విదేశీ విండ్ బ్యాండుకు సర్దినది. ఫ్లూట్లు, ఓబో, బస్సూను, నాలుగు ఫ్రెంచి హార్నులు, ట్యూబాలు, ఇలాంటివన్నీ ఉంటాయి. మన ఉత్తరాంధ్రలో ఏ పెళ్ళి బ్యాండులో ఫ్రెంచి హార్ను చూశారు? కానీ ఆ హార్నులను వదిలేస్తే మధ్య స్వరాలు మాయమైపోతాయి, బ్యాండు పైన పీలగా, కింద గుబగుబగా మిగులుతుంది. మేము చేసిన ఏర్పాటు చెబుతాను, మీకూ పనికొస్తుంది. ఎఫ్ హార్ను, అంటే ఆ ఫ్రెంచి హార్ను పార్టును ప్రతి స్వరమూ ఒక టోను పైకి జరిపి రాస్తే ఆల్టో సాక్సు మీద సరిగ్గా అదే ఎత్తులో పలుకుతుంది. మొదటి హార్ను మా సాక్సు కుర్రాడికి అలా రాసిచ్చాను. రెండోది ట్రాంబోనుకు ఇచ్చాను. ట్యూబా పార్టు కీబోర్డు ఎడమ చేతికి. ఓబో చేసే చిన్న జవాబులు రెండో క్లారినెట్‌కు. ఫ్లూటు లేకుండానే పని కానిచ్చాం, పెద్ద నష్టమేమీ కనబడలేదు.

ట్రెబుల్ క్లెఫ్ సోలో పార్టు ఉండడం మంచిదయింది. ట్రంపెట్ నుంచి యూఫోనియానికి వచ్చినవాళ్ళకు వేళ్ళు అవే, చదవడం అదే, స్వరం మాత్రం, రాసినదాన్నీ కలిపి కిందికి లెక్కపెడితే, తొమ్మిదో మెట్టు మీద పలుకుతుంది. టెనర్ సాక్సుకూ ఇదే లెక్క. అందుకే మా బంధువుల బ్యాండు ఒకటి బొబ్బిలి వైపు ఉంది, వాళ్ళ టెనర్ సాక్సు మనిషి ఈ పార్టునే ఎదురుగా పెట్టుకుని హాయిగా వాయించేశాడు. బొబ్బిలి అంటే అందరికీ గొల్లపల్లి వీణలే గుర్తొస్తాయి గానీ అక్కడ ఊదేవాళ్ళూ తక్కువ వాళ్ళు కారు.

అచ్చు సంగతి. పార్టులు వాళ్ళ దేశంలో వాడే పెద్ద కాగితం కొలతకు అమర్చినవి. మన ఏ4 మీద ప్రింటు తీస్తే స్వరాలు చీమలంత అవుతాయి. సాయంత్రం వీధిదీపం కింద క్లారినెట్ మాస్టారికి కనబడనే లేదు. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర జెరాక్సు షాపులో ఏ3 మీద తీయించి మధ్యకు మడిచాం, అప్పుడు బాగుంది. సోలో పార్టులో పేజీ తిప్పే చోట్లు మాత్రం ఎవరు పెట్టారో గానీ బుద్ధి లేకుండా పెట్టారు. ఒకచోట వేగంగా నడిచే వేరియేషన్ మధ్యలో పేజీ అయిపోతుంది. రెండు చేతులూ వాయిద్యం మీద ఉంటే ఏ చేత్తో తిప్పమంటారు? మూడు పేజీలు పక్కపక్కన అట్టకు అంటించి ఆ బాధ వదిలించుకున్నాను. ఇంత డబ్బు తీసుకునేవాళ్ళు బ్యాండు అందుకునే చోట పేజీ పూర్తయ్యేలా అమర్చలేరా? ఇది తప్పితే అచ్చుతప్పులు పెద్దగా లేవు.

ఆడియో ట్రాకు నాకు నచ్చలేదు. సోలో తీసేసి బ్యాండు మాత్రం ఉంచిన రికార్డింగు అది, ఇంట్లో సాధనకు. రెండు చిక్కులు. మొదటిది, ట్రాకు ఎవరికోసమూ ఆగదు. పాట చివర స్వరం మీద కాస్త నిలబడదామంటే అది ముందుకు పోతుంది. పాడేలాంటి సంగీతానికి అది గొంతు నొక్కడమే. రెండోది మన ఎండ. ట్రాకు 440 శ్రుతిలో (ఎ స్వరానికి సెకనుకు 440 కంపనలు) ఉంటుంది, ఎప్పుడూ అక్కడే. మే నెలలో మధ్యాహ్నం రేకుల ఇంట్లో వాయిద్యం వేడెక్కితే స్వరం పైకి పోతుంది. ట్యూనింగ్ స్లైడు ఎంత లాగినా, లాగినకొద్దీ మిగతా స్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. తెల్లారకట్ట అయిదింటికి వాయిస్తే సరిపోయేది. అయితే అయిదింటికి యూఫోనియం ఊదితే వీధిలో ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

పియానో కాపీ బాగుంది, ముఖ్యంగా నేర్చుకోడానికి. మా కీబోర్డు కుర్రాడు ఎడమ చేయి బాగా పట్టాడు. సంగీత పరీక్షలు రాసే పిల్లలకు, ఒక చిన్న హాల్లో వాయించే వాళ్ళకు ఇది చాలు. మా ఆవిడ కొనమన్నదీ ఇదే. నేను పూర్తి సెట్టు ఎందుకు కొన్నానంటే, పియానోతో వాయిస్తే ఇది ఒక మంచి పరీక్ష ముక్కలా ఉంటుంది. బ్యాండుతో వాయిస్తే వెనకనుంచి పదిమంది ఊపిరి వీపుకు తగులుతుంది. మనం ఒక స్వరం మీద నిలబడితే వాళ్ళూ ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఆ మొదటి బరువైన ఎత్తుగడ కీబోర్డు మీద ఎంత గట్టిగా కొట్టినా రాదు. ఈ తేడాకు ఆ డబ్బు చెల్లుతుంది.

సాధన గురించి రెండు మాటలు. ఈ వేగానికి నాలుక ఒంటి దెబ్బతో చాలదు. నాలుగేసి స్వరాలకు ‘తు-కు-తు-కు’, మూడేసికి ‘తు-తు-కు’ అని జంట నాలుక, ముప్పేట నాలుక నేర్చుకోవాలి. మా ట్రంపెట్ కుర్రాళ్ళకు ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. సన్నాయి మేళంలో డోలు వాయించే మా చిన్నాన్న పక్కన కూర్చుని విని, ‘‘అదేటిరా, తకిట తకిటే కదా, దానికింత బాధేటి?’’ అని నోటితో చెప్పి చూపించాడు. ఆ సాయంత్రమే పట్టుకున్నారు. హవల్దారు మాస్టారికి అది కాస్త చిన్నతనం అనిపించినట్టుంది, టీ తాగేదాకా మాట్లాడలేదు.

బ్యాండుకు నేర్పడంలో అసలు కష్టం తగ్గి వాయించడం. ఊరేగింపులో బలంగా ఊదడమే మర్యాద, మెల్లగా ఊదితే పెళ్ళివారు ‘‘అన్నం తినలేదేటి?’’ అంటారు. ఇక్కడ సోలో నడుస్తున్నంత సేపూ వెనకవాళ్ళు గుసగుసలా వాయించాలి. మా బావ మొదటి ట్రంపెట్. ఆయనకు ఇరవై రెండు బార్లు (తాళం లెక్కకు గీసిన గళ్ళు) ఊదకుండా లెక్కపెట్టుకుంటూ నిలబడడం అంటే అవమానం. ‘‘మరి నన్నెందుకు పిలిచేవు?’’ అన్నాడు. తరవాత తరవాత ఆ ఖాళీలు ఆయనే అందరికన్నా బాగా లెక్కపెట్టాడు. ఎక్కడ అందుకోవాలో కనుబొమ్మతో మాకు చెప్పేవాడు. సైడ్ డ్రమ్ము కుర్రాడి పార్టులో పని చాలా తక్కువ, వాడి అలక ఇప్పటికీ తీరలేదు.

ఒక పెళ్ళిలో వాయించాం కూడా. రామతీర్థం దారిలో తోటలో పెళ్ళి, భోజనాల వేళ. డాన్సులు అయిపోయాయి, జనం పంక్తుల్లో కూర్చున్నారు, పాట ఏదైనా ఫరవాలేదన్నారు. మొదటి నిమిషం ఎవరూ పట్టించుకోలేదు. అసలు పాట మొదలయ్యాక వడ్డించే కుర్రాడు సాంబారు బకెట్టుతో అక్కడే నిలబడిపోయాడు. వేరియేషన్లకు పిల్లలు దగ్గరకొచ్చి వాల్వుల మీద వేళ్ళు చూశారు. మూడో వేరియేషన్ దగ్గర పెళ్ళికొడుకు మేనమామ వచ్చి ‘‘బాగుంది గానీ గురువా, జనం లేవరు ఇలాగయితే, ఏదైనా ఊపుది కొట్టండి’’ అన్నాడు. ఆపేసి ఊపుది కొట్టాం. బేరం బేరమే. మొత్తం ముక్క మొదటి నుంచి చివరిదాకా వాయించింది మా ఊరి బడి వార్షికోత్సవంలో. అక్కడ ఎవరూ ఆపలేదు. పొట్టి పాటలకు అలవాటైన జనానికి ఇది నిడివి ఎక్కువే. బయట వాయించేటప్పుడు పాట, రెండు వేరియేషన్లు, ముగింపు కలిపి వాయిస్తే సరిగ్గా ఉంటుంది. స్కోరులో కోత పెట్టడానికి వీలైన చోట్లు బ్యాండు అందుకునే దగ్గర దొరుకుతాయి.

ఇదే వాయిద్యానికి ఇంకేమున్నాయని అడిగేవాళ్ళకు: జోసెఫ్ హోరోవిట్స్ కాన్సర్టో ఉంది. 1972లో, అంటే దీనికి సరిగ్గా నూరేళ్ళకు, లండన్‌లో రాయల్ ఆల్బర్ట్ హాల్లో ట్రెవర్ గ్రూమ్ మొదటిసారి వాయించాడు. అది బ్రిటిష్ బ్రాస్ బ్యాండుకు రాసినది, క్లారినెట్లే ఉండవు, హక్కులు కూడా ఇంకా ఉన్నాయి. సంగీతం గొప్పది. రెండో మూవ్‌మెంట్ పాట నాకు ప్రాణం. కానీ మన బ్యాండుకు సర్దుకోవడం పొంకియెల్లి అంత సులువు కాదు, సర్దాలంటే అనుమతి అడగాలి. కేవలం వేళ్ళ గారడీ కావాలంటే అమెరికాలో సూసా బ్యాండులో వాయించిన సిమోన్ మాంటియా తరహా వేరియేషన్ ముక్కలున్నాయి. అవి చప్పట్లు తెస్తాయి. నా ఓటు పొంకియెల్లికే. ఊరి బ్యాండు మాస్టారు రాసింది కాబట్టి వెనక వాయించేవాళ్ళకు కూడా ఏదో ఒకటి చెప్పుకోడానికి మిగిల్చాడు.

కొనేవాళ్ళకు: ఆర్డరు పెట్టే ముందు పార్టుల జాబితా చూపించమని అడగండి. ట్రెబుల్ క్లెఫ్ సోలో ఉందా, హార్ను పార్టుకు బదులుగా ఆల్టో సాక్సు పార్టు ఇస్తున్నారా, ఈ రెండూ కచ్చితంగా కనుక్కోండి. కొందరు ఇస్తారు, ఇస్తే మీకు నాలుగు రాత్రుల రాత పని తప్పుతుంది. జెరాక్సుకు ఏ3 తీయించండి. ట్రంపెట్లకు మ్యూటు (మోత తగ్గించే మూత) లేకపోతే గంటలా విచ్చుకున్న మూతికి తువ్వాలు కట్టి వాయింపించండి, మెల్లగా వచ్చే చోట్ల పనిచేస్తుంది. సైడ్ డ్రమ్ము కుర్రాడికి ముందే పార్టు చూపించి ఒప్పించుకోండి.